తొలగించిన సాఫ్ట్‌వేరు, తిరిగిరాని లైసెన్సు

కార్యాలయపు కంప్యూటర్లలో ఎవరికిని అక్కఱలేక పడియున్న సాఫ్ట్‌వేరును తొలగించుట, దానికై లోగడ సొమ్ము చెల్లించి సంపాదించిన లైసెన్సును మరల చేతికి తెచ్చుకొనుట అను రెండు పనులను మనవారు సాధారణముగా ఒక్క పనిగానే భావింతురు. కంప్యూటర్లు బాగుచేయు కుఱ్ఱవాడు వచ్చి, తెరమీది గుర్తులను చెఱిపివేసి, అవసరమనిపించినచో యంత్రమునంతను ఫార్మాటు చేసి, ఛాయి త్రాగి వెడలిన పిదప యజమానికి కలుగు తృప్తి ఈ భావనలోనుండి పుట్టినదే. నిజమునకు మొదటిది యంత్రమునకు సంబంధించిన పని, రెండవది ఒడంబడికకు సంబంధించిన పని. మొదటిది జరిగినంతమాత్రమున రెండవది జరుగదు సరికదా, పెక్కు తావుల మొదటిదానిని తొందరపడి చేయుటవలననే రెండవది చేజాఱును. ఒక యంత్రమునుండి ప్రోగ్రామును తుడిచివేయుటకు అయిదు నిమిషములు చాలును. దాని లైసెన్సు మనకు మరల దక్కునా, దక్కినచో వేఱొక బల్లమీది యంత్రమునకు చెల్లునా, అమ్ముకొనవచ్చునా, మఱుసటి యేటి బిల్లులో తగ్గునా అను ప్రశ్నలకు సమాధానము యంత్రములో దొరకదు. అది కొన్ననాటి కాగితములలో దొరకవలెను. ఆ కాగితములు మన కార్యాలయములలో సాధారణముగా దొరకవు.

హైదరాబాదనగానే సాఫ్ట్‌వేరనియు, సాఫ్ట్‌వేరనగానే మాదాపురము, గచ్చిబౌలి అనియు తలచువారికి ఈ ప్రశ్నను అఫ్జల్‌గంజ్ వైపునుండి చూచుట వింతగా తోచవచ్చును. కాని సాఫ్ట్‌వేరును తయారుచేయువారి చిక్కులు వేఱు, కొని వాడుకొనువారి చిక్కులు వేఱు. ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా ధాన్యపు వర్తకులకు స్థలమిచ్చి తన పేర నెలకొల్పిన ఈ గంజును, దానిని ఆనుకొనియున్న ఉస్మాన్‌గంజ్, బేగంబజారు, సిద్దిఅంబరు బజారులను, మొజంజాహీ మార్కెట్టు దాటిన పిదప ఆబిడ్స్ మేడలమీద నున్న ఆడిటర్ల గదులను, నాంపల్లి సర్కారు కచేరీలను, ఆ సందులలోని ముద్రణశాలలను ఒక్క పూటలో చుట్టి వచ్చినచో, సాఫ్ట్‌వేరు కొని వాడుకొను లోకపు నమూనా యంతయు కనబడును. మాదాపురపు పెద్ద సంస్థలలో లైసెన్సుల లెక్క చూచుటకే ఉద్యోగులుందురు. ఇచట పది పదునైదు కంప్యూటర్లున్న కొట్టులో ఆ లెక్క గుమాస్తాదో, సరఫరాదారుదో, యజమాని కుమారునిదో ఎవరికిని తెలియదు.

అఫ్జల్‌గంజ్‌నుండి మొదలిడుటకు ఇంతకంటె బలమైన కారణము మఱియొకటి కలదు. సాఫ్ట్‌వేరనగా అసలేమి, అది సరుకా కాదా అను మౌలికవివాదము మన దేశమున నడచినది ఈ చుట్టుపట్లనే. 1957 నాటి ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టము క్రింద, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ అమ్మిన ఒరకిల్, లోటస్, యూనిగ్రాఫిక్స్ మున్నగు ప్యాకేజీలపై పన్ను వేయవచ్చునని అధికారులనగా, సాఫ్ట్‌వేరు బుద్ధిజన్యమైన అమూర్తవస్తువే గాని సరుకు కాదని సంస్థ వాదించెను. 1996లో అప్పీలు ట్రిబ్యునలును, అదే సంవత్సరమున అఫ్జల్‌గంజ్ కెదురుగా మూసీ ఆవలిగట్టున నున్న హైకోర్టును పన్నును సమర్థించినవి. చివరకు 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు పంచసభ్యధర్మాసనము ఆ తీర్పునే స్థిరపఱచెను. ఒక వస్తువునకు ఉపయోగముండి, దానిని కొనుటకు, అమ్ముటకు, చేతులు మార్చుటకు, నిలువచేయుటకు, స్వాధీనమున నుంచుకొనుటకు వీలున్నచో అది సరుకేయనియు, డిస్కుమీదికెక్కి అంగడికి వచ్చిన ప్రోగ్రాము అట్టిదేయనియు ఆ తీర్పు సారాంశము. నాంపల్లి మొజంజాహీ రోడ్డున నున్న వాణిజ్యపన్నుల శాఖకు ఇది ఘనవిజయమే. అయితే ఆ తీర్పును తలక్రిందుగా పట్టుకొని చూచిన వర్తకులు మాత్రము నాకెక్కడను కనబడలేదు: కొనునపుడు సరుకైనది, అక్కఱ తీరిన పిదప కూడ సరుకుగానే యుండవలెను గదా! అట్లయినచో మిగిలిన లైసెన్సును అమ్ముకొను హక్కు కొన్నవానికి ఏల లేకపోయెను?

ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములు పఱచి అమ్మువారి మార్గము చూడుడు. ఆ పుస్తకములోని విషయముపై స్వామ్యము గ్రంథకర్తదే, ప్రతిపై స్వామ్యము మాత్రము కొన్నవానిది. కావున చదివి ముగించినవాడు దానిని నిశ్చింతగా అమ్ముకొనును, ప్రచురణకర్త అడ్డుపడడు. మన కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యరచనలలోనే చేర్చినది. పైగా 14వ సెక్షనులో, ఒకమాఱు అమ్ముడైన ప్రోగ్రాము ప్రతిని మరల అమ్ముటపై గూడ రచయితకు అధికారమిచ్చుచుండిన మాటలను 1999 సవరణ తొలగించెను. 2021 మార్చి 2న ఇంజనీరింగ్ అనాలిసిస్ సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సవరణను ప్రత్యేకముగా ఎత్తి చూపి, విదేశీ సాఫ్ట్‌వేరు ప్రతులకు చెల్లించిన వెల రాయల్టీ కాదనియు, కాపీరైటు వేఱు, కాపీరైటున్న వస్తువు వేఱనియు తేల్చినది. న్యాయశాస్త్రదృష్ట్యా ద్వారము తెఱిచియున్నట్లే కనబడును. కాని ప్యాకేజీతోపాటు వచ్చు ఒడంబడికలో ‘బదిలీకి వీలులేదు’ అను ఒక్క వాక్యము ఆ ద్వారమునకు గడియ పెట్టును. వాడుకరియైన చిన్న వర్తకుడు ఆ గడియను కదపుటకు కోర్టుకెక్కడు. ఆదాయపన్ను వివాదమున గెలిచినది పంపిణీదారులే గాని, బీరువాలో మిగులు లైసెన్సులు పెట్టుకొని కూర్చున్నవారు కారు.

ఇదే ప్రశ్న పశ్చిమదేశములందు రెండు భిన్నమార్గములను పట్టినది. అమెరికాలో ఒక వాస్తుశిల్పుల కార్యాలయము పాత ఆటోక్యాడ్ పదునాలుగవ కూర్పును వదలి కొత్తకూర్పునకు మాఱుచు, తగ్గింపు ధరకు బదులుగా పాత ప్రతులను నాశనముచేయుదుమని ఒప్పుకొని, నాశనము చేయక అమ్మివేసెను. వానిని కొని ఈబేలో మరల అమ్మబోయిన వెర్నర్ అనునాతనికిని ఆటోడెస్క్ సంస్థకును నడచిన వ్యాజ్యమున, కొన్నవాడు యజమాని కాడు, అనుమతిదారుడు మాత్రమేయని 2010లో అచటి తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానము తీర్పు చెప్పెను. రెండేండ్లకు, 2012 జులై 3న, ఐరోపా న్యాయస్థానము యూజ్డ్‌సాఫ్ట్, ఒరకిల్ సంస్థల వివాదమున దీనికి విరుద్ధముగా, కాలపరిమితిలేని అనుమతికి ఒక్కమాఱే వెల కట్టి తీసికొన్నచో అది అమ్మకమేయనియు, దానిని మరల అమ్ముకొనవచ్చుననియు పలికినది. అయితే రెండు నియమములు విధించెను: అమ్మువాడు తన యంత్రములోని ప్రతిని నిరుపయోగము చేయవలెను, గుంపుగా కొన్న లైసెన్సులలో తనకు మిగిలిన కొన్నింటిని మాత్రము విడదీసి అమ్మరాదు. ఈ రెండవ నియమము మన ప్రశ్నకు గుండెకాయ వంటిది. ఏలయన నూఱు కొని ఎనుబది వాడు కార్యాలయమునకు కావలసినది ఆ ఇరువదింటిని వదిలించుకొను మార్గమే, అది ఐరోపాలో సైతము దొరకలేదు.

అమ్మకము మాట అటుంచి, తన యింటిలోనే ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు మార్చుకొనుటలో కూడ లైసెన్సుల స్వభావము ఒక్క తీరున నుండదు. కంప్యూటరుతో కలిసివచ్చిన విండోసు ఆ యంత్రముతోనే పుట్టి దానితోనే పోవును. మదర్‌బోర్డు చచ్చినచో లైసెన్సును చచ్చినట్లే. విడిగా పెట్టెలో కొన్నదానిని మార్చుకొనవచ్చును. పెద్దసంఖ్యలో ఒప్పందముపై కొన్నవానిని మైక్రోసాఫ్టు నియమముల ప్రకారము ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు తొంబది దినముల కొక్కమాఱు కంటె ఎక్కువగా మార్చరాదు, యంత్రము శాశ్వతముగా చెడిననే మినహాయింపు. అడోబీ పాత ప్యాకేజీలు రెండు యంత్రములపై మాత్రమే పనిచేయును. పాతయంత్రమున ముందుగా ‘డీయాక్టివేట్’ చేయక డిస్కును తుడిచినవాడు మూడవ యంత్రమున చేతులు కట్టుకొని కూర్చుండవలెను. శ్రీలిపి వంటి భారతీయభాషల అక్షరసాధనములకు డాంగిల్ అను చిన్న తాళముండును. అది యే యంత్రమున గుచ్చిన ఆ యంత్రమున పనిచేయును. ఇన్నింటిలోను నాకు అన్నింటికంటె నిజాయితీగల పద్ధతి ఈ తాళమే అనిపించును. పోయినచో పోయినదని కంటికి కనబడును, ఉన్నచో చేతికి తగులును.

గంజు వర్తకుల విషయమున లైసెన్సనగా ముఖ్యముగా ట్యాలీ. బెంగుళూరులో శ్యామసుందర గోయెంకా తన వ్యాపారపు లెక్కలకు తగిన సాఫ్ట్‌వేరు దొరకక కుమారుడు భరత్ గోయెంకాచే వ్రాయించుటతో 1986లో పుట్టిన ఈ ప్రోగ్రాము, దీపావళికి కొత్త బహీఖాతాలు తెఱచి పూజించు బేగంబజారు గద్దెలమీదికి గూడ ఎక్కి కూర్చున్నది. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చిన పిదప చిట్టా ఆవర్జాలతో గడపువారికి గూడ తప్పనిదైనది. దీనిలో ఒక యంత్రమునకు సిల్వరు, కార్యాలయములోని యంత్రములన్నింటికి గోల్డు అని రెండు విధములు. గోల్డు వెల సిల్వరునకు మూడింతలు. కావున ఒకే కొట్టులో నాలుగవ సిల్వరు కొనువాడు, మూడింటితోనే గోల్డు వెలకు చేరియుంటినని తెలియనివాడు.

ట్యాలీలో మెచ్చుకొనదగినది లైసెన్సును ‘సరెండర్’ చేయు ఏర్పాటు. సహాయపు మీట నొక్కి, సెట్టింగులలో లైసెన్సు అను చోటికి పోయి, అప్పగింపు కోరినచో, లైసెన్సు ఆ యంత్రమునుండి విడివడి సంస్థ సర్వరునకు చేరును; పిదప దానిని వేఱొక యంత్రమున జీవింపజేసికొనవచ్చును. ఇంతకంటె సులభమైన తిరుగుప్రయాణము సామాన్యముగా మఱియే ప్రోగ్రామునకును లేదు. అయినను ఇచటనే గంజులో ఎక్కువ పొరపాట్లు జరుగును. అప్పగించుటకు ఖాతా నిర్వాహకుని ఈమెయిలును, దాని రహస్యపదమును కావలెను. లైసెన్సు కొన్ననాడు ఆ తావున ఎవరి ఈమెయిలు వ్రాసిరో అని వెదకిన, అమ్మిన ఏజెంటుదియో, మూడేండ్ల క్రిందట పని మానుకొని పోయిన పార్ట్‌టైము అకౌంటెంటుదియో కనబడును. యజమాని ఆనాడు ‘నాకు ఈమెయిలెందుకయ్యా’ అని యుండును. ఆలోపల యంత్రము నెమ్మదించెనని ఎవరో ఫార్మాటు చేయుదురు. సర్వరు దృష్టిలో మాత్రము లైసెన్సు ఇంకను ఆ పాతయంత్రముననే బ్రతికియుండును. కొత్తయంత్రమున ప్రవేశము దొరకదు. అప్పుడు సరఫరాదారుని పిలుచుట, అతడు సంస్థకు విన్నవించి రీసెట్ చేయించుట, ఆ నడుమ రిటర్ను గడువు ముంచుకొని వచ్చుట, గత్యంతరము లేక మఱియొక సిల్వరు కొనుట. ఇట్లు కొన్న రెండవ లైసెన్సులు ఈ బజారులలో ఎన్నియో! వాని మూలము సాంకేతికలోపము కాదు. ఒక ఈమెయిలు గడి.

ఇక ‘అనుపయుక్తము’ అనగా ఏమి? ఇది పైకి చిన్నదిగా కనబడి, లోతునకు పోయినకొలది పెరుగు ప్రశ్న. పెద్దసంస్థల సలహాదారులు తొంబది దినములు తెఱవనిది అనుపయుక్తమని సూత్రము చెప్పుదురు. ఆ సూత్రమును ఆబిడ్స్‌లోని ఆడిటరు గదికి వర్తింపజేసినచో, ఏటి కొకమాఱు జులైనుండి అక్టోబరు వఱకు ప్రాణము లేచి, తక్కిన కాలము నిద్రించు ప్రోగ్రాములన్నియు తుడిచిపెట్టుకొని పోవును. నాంపల్లి ముద్రణశాలలలో పేజ్‌మేకర్ ఏడవ కూర్పును చూచితిని. 2001లో వెలువడిన ఆ కూర్పే దాని చివరిది, అడోబీ దానిని ఎన్నడో వదలివేసినది. అయినను యూనికోడ్ రాక పూర్వపు తెలుగు అక్షరములతో కూర్చిన వందలాది పుస్తకముల ఫైళ్లు దానితో తప్ప చక్కగా తెఱచుకొనవు. పునర్ముద్రణకు ఒక పుస్తకము వచ్చిననాడు, మూల గదిలోని ఆ పాత విండోసు యంత్రమే యజమానికి కామధేనువు. దానిని అనుపయుక్తమని తొలగించువాడు ఒక గ్రంథాలయమును తొలగించినవాడగును.

లెక్కల ప్రోగ్రాములకు ఇంతకంటె కఠినమైన కారణము చట్టమే. కంపెనీల చట్టము 128వ సెక్షను ఎనిమిదేండ్ల లెక్కలు భద్రముగా నుంచుమనును, జి.ఎస్.టి. చట్టము 36వ సెక్షను వార్షికరిటర్ను గడువునుండి డెబ్బదిరెండు నెలలు నిలుపుమనును. పాత కూర్పులోని డేటాను కొత్త కూర్పులోనికి మార్చి, తెఱచి, మొత్తములు సరిచూచిన పిదప గాని పాతదానిని తొలగించుట క్షేమము కాదు. అట్లని పాతదానిలోనే లెక్కలు వ్రాయుదుమనిన కంపెనీలకు చెల్లదు: 2023 ఏప్రిల్ 1నుండి ప్రతి దిద్దుబాటును తేదీతో నమోదుచేయు ఎడిట్‌లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరునే అవి వాడవలెను. కావున చదువుటకు మాత్రమే ఒక యంత్రమున పాతదానిని ఉంచి, తక్కినవానినుండి తీయుట ఉచితమార్గము. వాడుకను తేదీతో కొలుచుట కంటె ‘ఇది పోయినచో ఎవరి యే పని ఆగును?’ అని బల్లబల్లకు పోయి అడుగుట మేలు. పదునైదు యంత్రములున్నచోట ఇది ఒక పూట పని. దీనికొఱకు యంత్రసాధనములు కొనుట దండుగ.

వందల యంత్రములున్నచోట మాత్రము సాధనములు కావలసినదే. అచట గూడ జాబితా తీయుటలోనే మోసములున్నవి. విండోసులో ‘విన్32 ప్రాడక్ట్’ అను పట్టికను అడిగి జాబితా తీయు అలవాటు చాలమందికి కలదు. అది కేవలము చదువుట కాదు, ఇన్‌స్టాలరుచే ఎక్కిన ప్రతి ప్యాకేజీని పరీక్షింపజేసి, లోపము కనబడినచో మరమ్మతును గూడ ప్రారంభించును. లెక్కించుటకు పోయి యంత్రములను కదిపినట్లగును. రిజిస్ట్రీలోని అన్‌ఇన్‌స్టాల్ పట్టికను చదువుట నిరపాయము. కాని ఆయా ఉద్యోగి తన ఖాతాలోనే, నిర్వాహకుని అనుమతి లేకయే ఎక్కించుకొన్న ప్రోగ్రాములు యంత్రపు పట్టికలో కనబడవు, ప్రతి ఖాతా క్రింద వెదకవలెను. 2006లో మొదట వెలువడిన ఐ.ఎస్.ఓ. 19770 ప్రమాణములు ఈ గందరగోళమును సరిచేయ యత్నించినవి: ప్రతి ప్రోగ్రాము తన పేరు, కూర్పు తెలుపు చీటీతో రావలెననియు, ప్రతి లైసెన్సు హక్కును గూడ అట్టి చీటీలోనే వ్రాయవలెననియు. ఆశయము ఘనమైనది, ఆచరించినవారు స్వల్పము.

తొలగించుటకు డబ్బే కారణము కానక్కఱలేదు. విన్‌రార్ అను ప్రోగ్రాము లేని కార్యాలయ కంప్యూటరు హైదరాబాదులో దొరకుట కష్టము. దాని నలుబది దినముల పరీక్షాకాలము ఏండ్ల తరబడి సాగుచుండుట అందరెఱిగిన వినోదము. 2019 ఫిబ్రవరిలో చెక్‌పాయింట్ పరిశోధకులు దానిలో ఒక లోపమును బయటపెట్టిరి. ఏస్ అను పాత పద్ధతిలో మూటగట్టిన ఫైళ్లను విప్పుటకు వాడు ఒక చిన్న భాగము, 2005 తరువాత ఎవరును ముట్టనిది, కపటపు ఫైలును తెఱచినవాని యంత్రమున దుష్టప్రోగ్రామును స్టార్టప్ ఫోల్డరులో నాటుటకు దారి ఇచ్చుచున్నది. తయారీదారులకు ఆ భాగపు మూలలిపియే అందుబాటున లేకపోవుటచే వారు దిద్దుట మాని, ఆ భాగమునే తీసివేసిరి. తయారీదారుడే తన సరుకునుండి అక్కఱలేనిదానిని తొలగించిన అరుదైన ఘట్టమిది. ఫ్లాష్ విషయమున అడోబీ 2020 డిసెంబరు 31తో మద్దతు నిలిపి, కొన్నాళ్లకే దానిని పనిచేయకుండ చేసెను. జావా కథ మఱొక తీరు: 2019 జనవరినుండి వాణిజ్యవినియోగమునకు ఒరకిల్ నవీకరణలు వెలగలవైనవి, 2023 జనవరినుండి ఆ చందాను యంత్రముల సంఖ్యపై గాక సంస్థలోని మొత్తము ఉద్యోగుల సంఖ్యపై లెక్కించు పద్ధతి వచ్చినది. అనగా చందా కట్టవలసిన జావా ఒక్క యంత్రమున మిగిలినను, అయిదు వందలమంది ఉద్యోగులున్న సంస్థ అయిదు వందలమందికి బాకీపడు ప్రమాదము కలదు. ఇచట సగము తొలగింపునకు ఫలితమే లేదు. ఉచితమైన ఓపెన్‌జెడికెకు మాఱి, పూర్తిగా తుడిచినవాడే బయటపడును.

చందా పద్ధతి వచ్చిన పిదప తొలగింపునకును సొమ్మునకును ఉన్న కొద్దిపాటి లంకెయు తెగిపోయినది. 2011లో ఆఫీస్ 365, 2012లో అడోబీ క్రియేటివ్ క్లౌడ్ వచ్చిననాటినుండి లైసెన్సు యంత్రమునకు గాక మనిషికి అంటుకొని తిరుగుచున్నది. ఉద్యోగి మానిపోయినను, అతని యంత్రమును తుడిచినను, నిర్వాహకుని పుటలో అతని పేరనున్న లైసెన్సును తీయనంతవఱకు బిల్లు నడచుచునే యుండును. తీసినంతమాత్రమున గూడ బిల్లు తగ్గదు. ఏటి ఒప్పందమైనచో మైక్రోసాఫ్టు నూతనపద్ధతిలో కొన్న లేక పునరుద్ధరించిన ఏడు దినములలోపల మాత్రమే సంఖ్యను తగ్గించుకొనవచ్చును, ఆ పిదప ఏడాది ముగియువఱకు వాడినను వాడకున్నను చెల్లింపవలసినదే. అనగా లెక్క చూడవలసిన దినము పునరుద్ధరణకు ముందటి నెలలో ఒకటి. తక్కిన మూడువందల చిల్లర దినములలో చేసిన శుద్ధి కేవలము శుద్ధియే. మఱియొక అపాయము: లైసెన్సు తీసిన ముప్పది దినములకు ఆ ఉద్యోగి తపాలాపెట్టె సమూలముగా నశించును. పొదుపు చేయబోయి పదేండ్ల ఉత్తరప్రత్యుత్తరములు పోగొట్టుకొనుట ఇట్లే జరుగును. ముందుగా దానిని ఉమ్మడి తపాలాపెట్టెగా మార్చినచో, ఏబది గిగాబైట్ల లోపల నున్నంతవఱకు దానికి లైసెన్సే అక్కఱలేదు. ఈ చిన్న మెలకువను ఏ అమ్మకందారుడును తనంతట చెప్పడు.

సమీక్షలో చెప్పక తప్పని అప్రియసత్యము ఒకటి. చిన్న కొట్టులలో తిరిగి వశపరచుకొనుటకు లైసెన్సే యుండదు. అసెంబుల్ చేసిన యంత్రముతోపాటు క్రాక్ చేసిన విండోసును, ఆఫీసును వచ్చియుండును. కాపీరైటు చట్టము 63బి సెక్షను తెలిసి అట్టిదానిని వాడువానికి ఏడు దినములకు తక్కువగాక మూడేండ్ల వఱకు పొడిగింపదగు కారాగారవాసమును, ఏబది వేలకు తక్కువగాక రెండు లక్షల వఱకు జరిమానాను విధించుచున్నది. వ్యాపారార్థము కానిచోటనే కొంత సడలింపు. ఇట్టివారికి తొలగింపు పొదుపు కాదు, ఆత్మరక్షణ. వారికి మార్గము స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు. 2005లో హైదరాబాదున ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ తెలుగున ఆపరేటింగ్ సిస్టమును రూపొందించినది. 2015లో కేంద్రప్రభుత్వము ఓపెన్‌సోర్సు స్వీకారవిధానమును ప్రకటించినది. ఉత్తరములు వ్రాయుటకు, పట్టికలు వేయుటకు లిబ్రేఆఫీసు చాలునని నా దృఢాభిప్రాయము. పట్టుమని పది ఫార్ములాలు వాడని గుమాస్తా బల్లపై వెలగల ఆఫీసును ఉంచుట వృథావ్యయము. అయితే ట్యాలీ ఒకటి, పాత తెలుగు అక్షరములు ఒకటి, ఈ రెండే గంజును ఆబిడ్స్‌ను విండోసునకు కట్టివేసియున్నవి.

సర్కారు కచేరీలలోను, బ్యాంకులలోను ప్రశ్న మఱియొక రూపు దాల్చును. లైసెన్సు ఒక న్యాయవ్యక్తి పేర నుండును. ఆ వ్యక్తి చీలినను కలిసినను అమ్మకందారుని సమ్మతి లేక అది వెంట నడువకపోవచ్చును. గన్‌ఫౌండ్రీ కేంద్రముగా నడచిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో లీనమగుట, 2014 జూన్ 2న రాష్ట్రము రెండగుటతో కచేరీలు రెండగుట వంటి ఘట్టములందు బల్లలు, కుర్చీలు, యంత్రములు జాబితాలకెక్కును. అవి ఏటేట తనిఖీ కావలెనని కేంద్రప్రభుత్వపు 2017 సాధారణ ఆర్థికనియమావళి శాసించుచున్నది. సాఫ్ట్‌వేరు మాత్రము కొన్ననాటి బిల్లుగా ఖాతాలో ఒక పంక్తియై, ఆదాయపన్ను నియమముల క్రింద ఏటేట నలుబది శాతము తఱుగుచు, నాలుగైదేండ్లకు దాదాపు విలువలేనిదగును. ఖాతాలో విలువలేనిదానిని ఎవరు లెక్కింతురు? నా తలంపున లైసెన్సుల పట్టిక ఉండవలసినది కంప్యూటర్లవానివద్ద గాదు, బిల్లులు చెల్లించు అకౌంట్స్ విభాగమున. అందు ఏమి కొంటిమి, ఎవరి పేర, ఎవరి ఈమెయిలుతో, యే యంత్రమున నున్నది, ఎట్లు తిరిగి అప్పగింపవలెను అను సంగతులు కొన్ననాడే వ్రాయవలెను. కొన్ననాడు అయిదు నిమిషములు పట్టు ఆ వ్రాత, వదలుకొనునాడు వ్రాయబూనినచో నెలలు పట్టును.

ఈ మాటలకు ప్రస్తుతము ప్రత్యేకమైన తొందర కలదు. విండోస్ 10కు మైక్రోసాఫ్టు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. దాని తరువాతిదైన పదునొకండవ కూర్పు టి.పి.ఎం. 2.0 వంటి అంగములు లేని పాతయంత్రములను అంగీకరింపదు. కావున గంజునుండి నాంపల్లి వఱకు బల్లలమీదినుండి యంత్రములు దిగుచున్నవి. 2023 ఏప్రిల్‌నుండి అమలులోనున్న ఇ-వ్యర్థముల నియమావళి ప్రకారము అవి రిజిస్టరైన పునశ్చక్రీకరణదారునికి చేరవలెను, చేరినను చేరకున్నను కొట్టునుండి మాత్రము పోవుచున్నవి. యంత్రముతో వచ్చిన విండోసు దానితోనే పోనిండు, దానిని ఆపుట నిష్ఫలము. ట్యాలీని మాత్రము యంత్రము ఇంకను వెలుగుచుండగనే అప్పగించి, అప్పగింపు చేరెనని ఖాతాలో చూచుకొని, అడోబీ ఖాతానుండి వెలువడి, పెట్టెలో కొన్న ఆఫీసు కీని వ్రాసికొని, పాత డేటాను రెండు చోట్ల కాపీచేసి తెఱచి చూచి, ఆ పిమ్మట డిస్కును తుడువవలెను. తూనికకు వేయుటకు ముందు యంత్రము వెనుకభాగమును గూడ ఒకమాఱు తడవి చూడుడు. దుమ్ము క్రింద ఏ అక్షరసాధనపు డాంగిలో ఇంకను గుచ్చుకొని యుండవచ్చును, దాని వెల ఆ యినుమంతటి వెలకంటె ఎక్కువ.